స్టీఫెన్ కింగ్ నవలల్లో మొదటి స్థానం దేనికి?

చీకటిగది:
1974లో ‘క్యారీ’తో మొదలుపెట్టిన ఈ అమెరికన్ హారర్ రచయిత కింగ్ ఇప్పటికి అరవై నవలలు దాటేశాడు. ఎవరిని అడిగినా ముందు ‘ఇట్’ పేరే చెప్తారు. నా వరుస వేరు: ‘పెట్ సెమెటరీ’, ‘ద షైనింగ్’, ‘మిజరీ’, ‘సేలమ్స్ లాట్’, ఐదోది ‘ఇట్’. కథలు బయటపడతాయి, చదవనివాళ్లు ఇక్కడే ఆగండి.

‘పెట్ సెమెటరీ’ (1983)లో చచ్చినవాళ్లు లేచి రావడం కంటే ముందు ఇంటి ముందున్న రోడ్డే భయపెడుతుంది. రాత్రీ పగలూ లారీలు. లూయిస్ తన చిన్న కొడుకుతో గాలిపటం ఎగరేస్తుంటాడు, పిల్లాడు కేరింతలు కొడుతుంటాడు. వాడికి ఇక రెండు నెలలు కూడా ఆయుష్షు లేదని కింగ్ అదే వాక్యంలో చెప్పేస్తాడు. అక్కణ్ణుంచి ప్రతి పేజీ గుండె అరచేతిలో పెట్టుకుని చదవాల్సిందే. తీరా లారీ వచ్చేసరికి తండ్రి వేళ్లు పిల్లాడి జాకెట్‌ని తాకి జారిపోతాయి. మెయిన్ రాష్ట్రంలో అలాంటి రోడ్డు పక్కనే కింగ్ కాపురం ఉన్నప్పుడు వాళ్ల అమ్మాయి పిల్లి బండి కింద పడి చచ్చిపోయింది. నవల పూర్తయ్యాక, మరీ ఘోరంగా ఉందని తనే కొన్నాళ్లు పక్కన పెట్టేశాడు.

వానాకాలం:
ఒప్పుకోను అన్నా. అది ఒక్క ఇంటి కథ. ‘ఇట్’లో ఊరంతా దోషే. డెర్రీ అనే ఆ ఊళ్లో ఇరవై ఏడేళ్లకోసారి పిల్లలు చచ్చిపోతుంటే పెద్దవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. జోకర్ రూపంలో వచ్చి పిల్లల్ని చంపే ఆ రాకాసి కంటే నాకు వాళ్లంటేనే భయం. 1958లో పిల్లలుగా, 1985లో పెద్దవాళ్లుగా అవే ఏడుగురు స్నేహితుల కథని అన్ని పేజీల పాటు తెగకుండా లాక్కురావడం మాటలా? ఐదో స్థానం అన్యాయం.

పాతపుస్తకం:
నా ఓటు ‘మిజరీ’కి (1987). దెయ్యం లేదు కాబట్టి హారర్ కాదనేవాళ్లతో నాకు పేచీ. మంచం, కాళ్లు విరిగిన రచయిత పాల్, తలుపు అవతల అతన్ని బంధించిన అభిమాని ఆనీ. ఆమె తెచ్చిచ్చిన పాత టైప్‌రైటర్‌లో ‘ఎన్’ అక్షరం ఉండదు, రాసిన ప్రతి పేజీలో ఆ ఖాళీలు చేత్తో నింపాలి. సినిమాలో సుత్తితో కాళ్లు విరగ్గొడుతుంది, పుస్తకంలో గొడ్డలితో పాదమే నరికేస్తుంది. ఆ పేజీలు చదివి మాట్లాడండి.

చీకటిగది:
పాతపుస్తకం గారూ, ‘మిజరీ’ హారరే, అందులో నాకు సందేహం లేదు. మూడోది ఎందుకంటే అక్కడ పాల్‌కి శత్రువు ఎదురుగానే ఉంది, ద్వేషించొచ్చు. లూయిస్‌ని ఎలా ద్వేషిస్తాం? పాతిపెట్టిన శవాలు లేచొచ్చే ఆ నేల నుంచి తిరిగొచ్చిన పిల్లి ఎలా తయారైందో కళ్లారా చూశాడు, అయినా కొడుకుని అక్కడికే మోసుకెళ్లాడు. ఆ స్థితిలో నేనూ అదే చేస్తానేమో అనిపించింది. ‘షైనింగ్’ని రెండోదిగా పెట్టిందీ అందుకే. అందులో దెయ్యాల హోటల్ తనని పూర్తిగా మింగేశాక కూడా జాక్ ఒక్క క్షణం తండ్రిగా మారి, పారిపొమ్మని కొడుక్కి చెప్తాడు. 1980 నాటి సినిమాలో అది లేదు.

వానాకాలం తమ్ముడూ, డెర్రీ గురించి నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అంత పెద్ద పుస్తకం నడిపించి చివరికి ఒక రాకాసి సాలీడుని చూపిస్తే భయం అక్కడే చచ్చిపోదా? దీనికి జవాబు చెప్పు, మూడో స్థానం గురించి ఆలోచిస్తా.