అయ్యప్ప మాలలో ఉన్నన్నాళ్లూ కడుపు హాయిగా ఉంటోంది, తీశాక మళ్లీ ఉబ్బరం. ఉల్లి, వెల్లుల్లేనా కారణం?

కాజీపేట_జంక్షన్:
అన్నలూ అక్కలూ, కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. ఏటా మాల వేసుకుంటాను. ఆ 41 రోజులూ నాకు కడుపు ఉందన్న సంగతే గుర్తుకు రాదు. కొండకు వెళ్లొచ్చి, మాల తీసి మామూలు తిండిలో పడ్డానంటే వారం తిరక్కముందే మళ్లీ మొదలవుతుంది. మధ్యాహ్నం తిన్న రెండు మూడు గంటలకు పొట్ట బిర్రుగా ఉబ్బుతుంది, పొద్దున ఆఫీసు బస్సు ఎక్కేలోపు రెండు మూడుసార్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సిందే, వెళ్లినా పూర్తిగా అయిందన్న తృప్తి ఉండదు. ఎండోస్కోపీ, స్కానింగ్, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. డాక్టర్ గారు ఐబీఎస్ (పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకపోయినా పేగు ఇలా ఇబ్బంది పెట్టే సమస్య) అన్నారు, మందులిచ్చారు, వాడినన్నాళ్లు కాస్త నయం. మాలలో ఉల్లి, వెల్లుల్లి ముట్టుకోం కాబట్టి అవే కారణమని నాకు గట్టిగా అనిపిస్తోంది. మరి జీవితాంతం మానేయడమేనా? కొత్తగా పెళ్లైంది, అత్తగారింటికి వెళ్లినప్పుడల్లా అది వద్దు ఇది వద్దు అంటే వాళ్లకూ టెన్షన్, నాకూ మొహమాటం.

వార్డు_అక్క:
తమ్ముడూ, తిండి సంగతి తర్వాత, ముందు నేనడిగేవాటికి జవాబు చెప్పు. బరువు ఊరికే తగ్గుతున్నావా? మలంలో రక్తం కానీ, నల్లగా తారులా రావడం కానీ ఉందా? నిద్రలోంచి లేచి మరీ విరేచనానికి వెళ్లాల్సి వస్తోందా? జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్? వయసు 45 దాటిందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ ఆహార ప్రయోగాలు పక్కన పెట్టి మళ్లీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. నేను పనిచేసే చోట ఏళ్ల తరబడి 'గ్యాసే కదా' అనుకుంటూ సోడాలు, పొడులు తాగి చివర్లో వచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాను. అందుకే ఎవరడిగినా నా మొదటి మాట ఇదే.

కాజీపేట_జంక్షన్:
అవేమీ లేవక్కా. వయసు ముప్పై లోపే. బరువు మామూలుగానే ఉంది, రాత్రిళ్లు నిద్ర చెడదు.

సామర్లకోట_అత్తమ్మ:
బాబూ, మావారిది అచ్చం నీ కథే. ఉల్లి, వెల్లుల్లిలో ఫ్రక్టాన్లని ఒక రకం పిండిపదార్థం ఉంటుందిట, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మనుషులెవరికీ లేదుట. అది అలాగే పెద్దపేగులోకి దిగితే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. గ్యాస్ అందరికీ వస్తుంది, కాకపోతే ఐబీఎస్ ఉన్నవాళ్లకి పేగు కొంచెం సాగినా నొప్పి, ఉబ్బరం ఎక్కువగా తెలుస్తాయి. మా డైటీషియన్ అమ్మాయి చెప్పిన కిటుకు ఒకటి బాగా పనికొచ్చింది. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకని పోపు పెట్టేటప్పుడు నూనె కాగాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా చితక్కొట్టి వేసి, ఎర్రబడ్డాక చిల్లుల గరిటెతో ఒక్క ముక్క కూడా మిగలకుండా తీసేస్తాను. ఆ తర్వాతే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి. ఘుమఘుమ అంతా నూనెలో ఉంటుంది, బాధ పెట్టేది ముక్కతో పాటు పోతుంది. చారులో మాత్రం వెల్లుల్లి వేసి మరిగించి తర్వాత ఏరేస్తే లాభం లేదు, అప్పటికే చారులోకి దిగిపోయి ఉంటుంది. ఆ నూనె ఎప్పటికప్పుడు చేసుకోవాలి, సీసాలో పోసి బయట నిలవ పెట్టకూడదు. నూనెలో గాలి తగలని వెల్లుల్లిలో బొటులిజం అనే విషబాధ తెచ్చే క్రిములు పెరగొచ్చు, అది ప్రాణాంతకం.

ఉల్లిపాయ బదులు ఉల్లికాడల్లో పచ్చగా ఉండే భాగం వేస్తాను, కింద తెల్లటి గడ్డ కోసి పక్కన పెట్టేస్తాను. ఇంగువ కొంచెం ఎక్కువ.

న్యూట్రిషన్_పీజీ:
అత్తమ్మ గారు చెప్పింది సరిగ్గా ఉంది. కానీ కాజీపేట అన్నా, మీరు ఉల్లి మీద తీర్పు ఇచ్చేముందు ఒకటి ఆలోచించండి. దీక్షలో మారేది ఉల్లి, వెల్లుల్లి మాత్రమేనా? మాంసం, గుడ్డు ఉండవు. మందు, సిగరెట్ ఉన్నవాళ్లు అవీ మానేస్తారు. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, అదీ పూజ అయ్యాక తేలిగ్గా. తెల్లవారకముందే లేస్తారు, వేళకు పడుకుంటారు. బయటి తిండి ఉండదు. ఇన్ని ఒకేసారి మారితే మేలు చేసింది ఫలానాదని ఎలా తేలుతుంది? ఐబీఎస్‌లో నిద్ర, మనసు నెమ్మదిగా ఉండటం కూడా లెక్కలోకి వస్తాయి.

కాబట్టి రాసి చూద్దాం. దీక్షలో ఏం తినేవారో, ఏ వేళకు తినేవారో, ఏమేం మానేవారో చెప్పండి. దీక్షలో కూడా తిని బాగానే ఉన్న పదార్థాలను ముందు అనుమానితుల జాబితాలోంచి తీసేయొచ్చు. నాకు ఇందులో అన్నిటికంటే పనికొచ్చేది అదే అనిపిస్తోంది.

కాజీపేట_జంక్షన్:
భిక్షలో అన్నం, పప్పు, సాంబారు, ఒక వేపుడు, పెరుగు. రాత్రి ఏడున్నరకల్లా చపాతీ కానీ ఉప్మా కానీ, పడుకునేముందు గ్లాసు పాలు, అరటిపండు. టీ పొద్దునొకటి. మందు అలవాటు లేదు. మామూలు రోజుల్లో రాత్రి భోజనం పదిన్నర అవుతుంది, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్, శనివారం ఫ్రెండ్స్‌తో బిర్యానీ.

న్యూట్రిషన్_పీజీ:
చూడండి ఎంత తేలిపోయిందో! గ్లాసు పాలు తాగి కూడా బాగున్నారంటే లాక్టోజ్, అంటే పాలల్లో ఉండే చక్కెర, కారణం కాకపోవచ్చు. చపాతీ, ఉప్మా పడ్డాయి కాబట్టి గోధుమ మీద అనుమానం తగ్గింది. కందిపప్పు రోజూ తిన్నారు, అదీ కాదు. మిగిలినవి ఉల్లి, వెల్లుల్లి, క్యాంటీన్ గ్రేవీలు, మాంసం మసాలాలు, కారం, నూనె, రాత్రి ఆలస్యపు భోజనం. గ్రేవీల్లో ఉల్లి ముద్దతో పాటు జీడిపప్పు ముద్ద కూడా పోస్తారు, జీడిపప్పు ఐబీఎస్ వాళ్లలో చాలామందికి పడదు. వేరుశెనగ పడుతుంది.

ఇప్పుడు అవన్నీ ఆపి, లక్షణాలు తగ్గాక ఒక్కొక్కటీ తిరిగి పెట్టాలి. ఒక పదార్థాన్ని 3 రోజుల పాటు కొద్దికొద్దిగా పెంచుతూ తినాలి, ఆ 3 రోజులూ మిగతా తిండి ఏమీ మార్చకూడదు. ఇబ్బంది వస్తే ఆపి, కడుపు కుదుటపడ్డాక ఒకట్రెండు రోజులు ఆగి ఇంకోటి. ఉల్లి, వెల్లుల్లి వేర్వేరుగా చూడండి. ఫ్రక్టాన్ల ఇబ్బంది తిన్న వెంటనే తెలియకపోవచ్చు, కొన్ని గంటల తర్వాతో మర్నాడో తెలుస్తుంది. అందుకే డైరీలో ఏం తిన్నారో ఒక్కటే కాదు, ఎంత తిన్నారో, ఎన్ని గంటలకో, ఆ రాత్రి ఎంతసేపు నిద్రపోయారో కూడా రాయాలి.

మెల్బోర్న్_మిరపకాయ:
ఈ పద్ధతి పుట్టింది మా ఊళ్లోనే, మోనాష్ యూనివర్సిటీలో. లో ఫాడ్‌మాప్ డైట్ అంటారు, అంటే ఫ్రక్టాన్ల లాంటి, పేగులో పులిసే పిండిపదార్థాలను తగ్గించే తిండి. వాళ్ల యాప్‌లో ఒక్కో పదార్థానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులుంటాయి, పరిమాణాన్ని బట్టి రంగు మారుతుంది. అంటే చాలావాటిలో 'తినొచ్చా వద్దా' అన్నది కాదు ప్రశ్న, ఎంతవరకు తినొచ్చు అన్నది. పూర్తిగా మానే దశ 2 నుంచి 6 వారాలు మాత్రమే, తర్వాత తిరిగి చేర్చుకోవడం తప్పనిసరి. ఇది వాళ్లే గట్టిగా చెప్తారు. ఎందుకంటే ఈ ఫ్రక్టాన్లే పేగులోని మంచి బ్యాక్టీరియాకు ఆహారం, ఏళ్ల తరబడి మానేస్తే ఆ బ్యాక్టీరియా తగ్గిపోతుంది. నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో మొదటి దశలోనే ఆగిపోయి, అన్నం పెరుగు తప్ప ఏమీ తినకుండా చిక్కిపోయినవాళ్లున్నారు. చూస్తే బాధేస్తుంది. బరువు తక్కువ ఉన్నవాళ్లు, గర్భిణులు, పిల్లలు డైటీషియన్ లేకుండా ఇది మొదలుపెట్టకూడదు.

మన అన్నం ఈ డైట్‌కి బాగా సరిపోతుంది. వంకాయ, క్యారట్, బీన్స్ మామూలు పరిమాణంలో ఇబ్బంది పెట్టవు. మామిడిపండు, పుచ్చకాయ, తేనె ఎక్కువైతే ఇబ్బందే.

గుంటూరు_గోంగూర:
నా సమస్య వేరు కానీ ఇక్కడే అడుగుతా. ఒక ల్యాబ్ వాళ్లు రక్తం తీసుకుని రెండొందల పైన ఆహార పదార్థాలకు 'సెన్సిటివిటీ' చూస్తామన్నారు. మా అక్క చేయించుకుంది, బియ్యం, పాలు, గుడ్డు, కందిపప్పు, పసుపు అన్నీ పడవని వచ్చింది. అవన్నీ మానేసి నీరసపడిపోయింది. నేనూ చేయించుకోనా?

న్యూట్రిషన్_పీజీ:
వద్దు. అది రక్తంలో ఐజీజీ అనే రకం యాంటీబాడీలను చూసే పరీక్ష. ఆ యాంటీబాడీలు మనం తరచూ తినేవాటికి సహజంగానే ఉంటాయి. మీ అక్కకి వచ్చిన జాబితా చూడండి, అన్నీ మన ఇంట్లో రోజూ తినేవే. దీన్ని నిర్ధారణకు వాడొద్దని యూరప్ అలెర్జీ నిపుణుల సంఘం 2008లోనే చెప్పింది, తర్వాత అమెరికా, కెనడా సంఘాలూ అదే మాట అన్నాయి. నిజమైన అలెర్జీ అయితే, అంటే తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదాలు వాచడం, ఆయాసం వంటివి అయితే, అది ఐజీఈ అనే వేరే రకం యాంటీబాడీ వ్యవహారం, అలెర్జీ డాక్టర్ చూడాలి. అలాంటిది ఇంట్లో తిని పరీక్షించుకునే పని అసలే చేయొద్దు. మీ అక్కని ఆ రిపోర్టు పట్టుకుని ఒక డైటీషియన్‌ని కలవమనండి, పాపం అన్నం, పప్పు మానేసి ఎన్నాళ్లుంటుంది.

అనంత_జొన్నరొట్టె:
గోధుమ మానేద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట. మా చెల్లికి ఏళ్లుగా రక్తహీనత, ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగదు, కడుపు ఉబ్బరం. ఎవరో చెప్తే గోధుమ మానేసింది, కాస్త నయమైంది. తర్వాత సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) అనుమానంతో టీటీజీ అనే యాంటీబాడీ రక్తపరీక్ష చేయిద్దామంటే, గోధుమ తింటూ ఉంటేనే ఆ పరీక్షకు విలువ అన్నారు డాక్టర్. మానేస్తే యాంటీబాడీలు తగ్గి రిపోర్టు నార్మల్‌గా వచ్చేస్తుంది. మళ్లీ కొన్ని వారాలు చపాతీలు తిని, ఆ బాధంతా పడి, అప్పుడు చేయించుకుంది. సీలియాక్ అనే తేలింది, బయాప్సీలో కూడా. మన వైపు ఇది ఉత్తరాది కంటే తక్కువే, అందుకే ఎవరికీ తట్టదు. కాబట్టి పరీక్ష ముందు, మానడం తర్వాత.

అన్నట్టు ఇంగువ గురించి అత్తమ్మ గారు రాశారు కదా, డబ్బా మీద చూడండి, చాలా బ్రాండ్లలో గోధుమపిండి కలుపుతారు. ఐబీఎస్ వాళ్లకి చిటికెడుతో ఏమీ కాదు, సీలియాక్ వాళ్లకి అదీ పనికిరాదు. బియ్యప్పిండితో చేసింది వెతుక్కుని కొనాలి. బొంబాయి రవ్వ, సేమియా గోధుమవే. మా ఇంట్లో ఇప్పుడు జొన్నరొట్టె, రాగిసంగటి, వాటి పిండి కూడా గోధుమలు పట్టని మరలోనే పట్టిస్తాం.

మందుల_షాపు_బాబాయ్:
తిండిలో వెతికే ముందు మందుల పెట్టె కూడా చూడండి. మా షాపుకి వచ్చే ఒక పెద్దాయన షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టినప్పటి నుంచి విరేచనాలు, ఉబ్బరం. ఇంట్లోవాళ్లు పాలు మాన్పించారు, పప్పు మాన్పించారు, చివరికి పెరుగు కూడా. డాక్టర్‌కి చెప్తే నెమ్మదిగా కరిగే రకం రాసి భోజనంతో వేసుకోమన్నారు, చాలావరకు తగ్గింది. షుగర్ మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. షుగర్ ఫ్రీ చాక్లెట్లు, చూయింగ్ గమ్‌లలో తీపికి వాడే సార్బిటాల్ కూడా విరేచనాలు చేస్తుంది.

ఇసబ్గోల్ చాలామంది ఐబీఎస్ వాళ్లకి ఉపకరిస్తుంది, కొద్దిగా మొదలుపెట్టి, గ్లాసు నిండా నీళ్లతో తాగాలి. గోధుమ తవుడు మాత్రం ఉబ్బరం పెంచొచ్చు.

నెల్లూరు_పెరుగన్నం:
పాల గురించి నా అనుభవం. పాలు తాగితే గంటలో కడుపులో గుడగుడ, విరేచనం. పెరుగు ఎంత తిన్నా ఏమీ కాదు. పెరుగులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌ని కొంత తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడంలోనూ సాయపడుతుందని డాక్టర్ చెప్పారు. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. పాలే కారణమా కాదా తేల్చుకోవడానికి లాక్టోజ్ లేని పాలు కొని అదే కొలతకి తాగి చూశాను, ఏమీ కాలేదు. ఇప్పుడు టీకి అవే వాడతాం, కొంచెం తియ్యగా ఉంటాయి, చక్కెర తగ్గించుకోవచ్చు.

కాజీపేట_జంక్షన్:
చాలా రోజుల తర్వాత వస్తున్నా, అందరికీ చెప్పాల్సింది ఉంది. డైరీ రాశాను, ఒక్కొక్కటీ తిరిగి పెట్టి చూశాను. కూరలో ఉడికిన ఉల్లి, నా వాటాకి రెండు చెంచాల దాకా పడుతోంది. బిర్యానీ పక్కన పచ్చి ఉల్లి, పెరుగు పచ్చడిలో ఉల్లి తింటే మర్నాడు పొద్దున పరుగే. వెల్లుల్లి ఇంకా కష్టం, ఇడ్లీలోకి వెల్లుల్లి కారం అద్దుకున్నా సాయంత్రానికి పొట్ట బిగుసుకుంది. అత్తమ్మ గారి నూనె పద్ధతి మాత్రం బ్రహ్మాండంగా పడింది, ఇప్పుడు అత్తగారింట్లో కూడా అలాగే చేస్తున్నారు.

నేను ఊహించనిది రాత్రి భోజనం. ఉల్లి లేకుండా పదిన్నరకి తిని చూశాను. పొద్దున పరుగు లేదు కానీ ఛాతీలో మంట, తేన్పులు. ఎనిమిదింటికి తింటే అవి లేవు. అంటే నాకున్నవి రెండు వేర్వేరు బాధలు, రెండింటినీ కలిపి గ్యాస్ అనుకుంటున్నాను ఇన్నాళ్లూ. జీడిపప్పు ఇంకా పెట్టి చూడలేదు.

వార్డు_అక్క:
మంచి పని చేశావు తమ్ముడూ. ఆ డైరీ పారేయకు, ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు తీసుకెళ్లు. ఛాతీ మంట సంగతి ఆయనకి విడిగా చెప్పు, దానికి మందు వేరు. తిన్నాక 2, 3 గంటలు పడుకోకు.

సామర్లకోట_అత్తమ్మ:
చాలా సంతోషం బాబూ. బజార్లో కొనే సాంబారు పొడి, కూర కారం, చిప్స్ ప్యాకెట్ల వెనక కూడా చదువు, ఉల్లి పొడి, వెల్లుల్లి పొడి ఉంటాయి. ధనియాలు, మిరియాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేయించి ఇంట్లోనే కొట్టుకోండి, నెలకి సరిపడా చేసి పెట్టుకుంటే మీ ఆవిడకీ పని తగ్గుతుంది. జీడిపప్పు పెట్టి చూశాక ఏమైందో ఇక్కడే రాయి, మావారికీ అది ఇంకా తేలలేదు.