సమస్యాపూరణం: కానరానివాడు కానవచ్చె

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

*కానరానివాడు కానవచ్చె*

నియమం ఒక్కటే. అర్ధరాత్రి టీవీని, చౌకబారు సినిమాలను అనుకరించి నవ్వించిన అమెరికన్ స్కెచ్ చిత్రాలు (చిన్న చిన్న హాస్యపు ముక్కలు కూర్చిన సినిమాలు) పద్యానికి వస్తువు కావాలి. 1974 నాటి ‘ద గ్రూవ్ ట్యూబ్’, 1977లో జాన్ ల్యాండిస్ తీసిన ‘కెంటకీ ఫ్రైడ్ మూవీ’, 1987లో ఐదుగురు దర్శకులు కలిసి తీసిన ‘అమెజాన్ ఉమెన్ ఆన్ ద మూన్’ లాంటివి. వాటి వెనకున్న పాత సినిమాల జోలికి వెళ్ళినా సరే.

వరంగల్ తమ్ముడు:

తాను కనబడనని తలచి బట్టలు వీడి
పబ్బులోన తిరుగ బదుగు రెఱుగ
మౌనముగను వారు మర్యాద పాటింప
కానరానివాడు కానవచ్చె

గుంటూరు మాష్టారు: శభాష్ తమ్ముడూ. 1987 చిత్రంలో కార్ల్ గాట్లీబ్ తీసిన ‘అదృశ్య మానవుడి కొడుకు’ ముక్కను సరిగ్గా పట్టావు. మనిషిని కనబడకుండా చేసే మందు పనిచేసిందనుకుని ఎడ్ బెగ్లీ జూనియర్ దర్జాగా తిరుగుతుంటాడు. అందరికీ కనిపిస్తూనే ఉంటాడు. మూడో పాదమే పద్యానికి ప్రాణం. నవ్వు పుట్టేది ఆ నగ్నత్వం వల్ల కాదు, చూసినవాళ్ళ మొహమాటం వల్ల. ‘మౌ–మ’ యతి కూడా చక్కగా కుదిరింది.

డాలస్ సోదరి:

మీట నొక్కినంత మెరుపువోలె ముసలి
పెట్టెలోకి జారి బిత్తరపడె
ఇంట లేని తాత ఇన్ని చానళ్ళలో
కానరానివాడు కానవచ్చె

అదే సినిమాలో లూ జకోబీ వేసిన మర్రే పాత్ర గురించి రాశాను మాష్టారూ. కొత్త రిమోట్ నొక్కి టీవీలో చిక్కుకుపోయి, చానల్ నుంచి చానల్‌కి కొట్టుకుపోతాడు.

గుంటూరు మాష్టారు: ఊహ బాగుందమ్మా. అయితే ‘లేని తాత’, ‘కానరానివాడు’ రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ముసలి అన్నాక మళ్ళీ తాత అనక్కర్లేదు. ‘తాత ఇన్ని’ దగ్గర విసంధి (కలవాల్సిన అచ్చులు కలవకుండా మిగలడం) కూడా ఉంది. ‘ఇంట వెదకి చూడ నిన్ని చానళ్ళలో’ అంటే మూడూ తీరిపోతాయి.

డాలస్ సోదరి: ‘వెదకి చూడ’ అంటే ఇంట్లో ఇంకొకరు కూడా కనిపిస్తున్నారు. పద్యంలోకి ఒక మనిషి వచ్చినట్టయింది. తీసుకుంటున్నాను మాష్టారూ.

తెనాలి మిత్రులు:

ప్రకటనలకు రాత్రి పట్టిన టేపులో
పాతచిత్ర మొకటి దొరికెనంట
మరుగుపడిన కథను మరల పైలట్టుగా
కానరానివాడు కానవచ్చె

గుంటూరు మాష్టారు: రెండో పాదంలో ‘పా’కు ‘దొ’తో యతి చెల్లదండీ. ‘పాతచిత్ర మొకటి పట్టుబడియె’ అనండి. టేపులో చిక్కడం అనే అర్థమూ వస్తుంది.

సందర్భం తెలియనివారికి ఒక మాట. ‘కెంటకీ ఫ్రైడ్ మూవీ’ రాసిన జిమ్ అబ్రహామ్స్, డేవిడ్ జకర్, జెర్రీ జకర్ అనుకరించడానికి ప్రకటనలు కావాలని రాత్రిపూట టీవీని రికార్డు చేసేవారు. అలా అనుకోకుండా 1957 నాటి విమాన ప్రమాదపు సినిమా ‘జీరో అవర్!’ చేతికొచ్చింది. హక్కులు కొనుక్కుని, ఆ కథనూ చాలా సంభాషణలనూ దాదాపు అలాగే ఉంచి 1980లో ‘ఎయిర్‌ప్లేన్!’ తీశారు. వెక్కిరించడానికి పాతదాన్ని పాడుచేయలేదు. దాని చట్రంలోనే నిలబడి నవ్వించారు. మనం ఇచ్చిన పాదాన్ని కదపకుండా అర్థం తిప్పే పనీ అదే జాతిది. అందుకే నాకు ఈ చిత్రాలంటే గౌరవం.

వరంగల్ తమ్ముడు: మరి మీ పూరణ ఏది మాష్టారూ?

గుంటూరు మాష్టారు: 1933 నాటి అసలు ‘ఇన్విజిబుల్ మ్యాన్’ (అదృశ్య మానవుడు) మీద రాశాను.

ప్రాణమున్నదాక పట్టీల మాటున
దాచె మోము; చూడ దరము గాదు;
మంచుపైన నడుగు మరణమై వెంటాడ
కానరానివాడు కానవచ్చె

డాలస్ సోదరి: ఆ పాత్ర వేసిన క్లాడ్ రెయిన్స్ ముఖం పాత్ర చనిపోయాక గానీ కనబడదు, అది చూసినవాళ్ళకి నాలుగో పాదం గుండెకు తగులుతుంది. మంచులో అడుగుజాడలు పట్టించడం కూడా సినిమాలో ఉన్నదే. సరదా సమస్యకు ఇంత విషాదం ఇమిడిందంటే, ఆ ‘అదృశ్య మానవుడి కొడుకు’ కథ ఎంత గట్టి పునాది మీద నవ్విస్తోందో తెలుస్తోంది.

తెనాలి మిత్రులు: ‘మరణమై వెంటాడ’ బదులు ‘మరణమై పట్టింప’ అంటే ఇంకా బిగువు కదా? అడుగు వెంటాడదు, పట్టిస్తుంది.

గుంటూరు మాష్టారు: ఒప్పుకున్నాను. గణాలూ యతీ చెడవు, అదే ఉంచుదాం.

నిర్వాహకులు: ‘అమెజాన్ ఉమెన్’లో ప్రసారమవుతున్న సినిమా మాటిమాటికీ తెగిపోతుంది, ఆ ఖాళీల్లోనే మిగతా ముక్కలన్నీ పుడతాయి. వచ్చే వారానికి ఆటవెలదిలోనే ఇంకో పాదం:

*తెగిన రీలు కథను తీర్చిదిద్దె*