పాడటం రాని పిల్ల సంగీతంలో డిగ్రీ చేస్తానంటోంది, ఏం చెప్పాలి?

హాలియా వైండింగ్ అడిగారు:

అందరికీ నమస్తే. మాది హాలియా. బోరు మోటార్ల వైండింగ్ షాపు నాది. ఇట్లాంటివి రాయడం అలవాటు లేదు, తప్పులుంటే ఏమనుకోకండి.

మా బిడ్డ ఈ ఏడు ఇంటర్ హెచ్‌ఈసీ పూర్తి చేసింది. మార్కులు తొమ్మిది వందలు దాటాయి. చుట్టాలందరూ డిగ్రీలో చేర్పించి గ్రూప్స్‌కు కోచింగ్ ఇప్పించమంటున్నారు. ఆమెది మాత్రం నెల రోజులుగా ఒకటే పాట: మ్యూజిక్ హిస్టరీ అండ్ లిటరేచర్ చదువుతా అని. అమెరికాలో ఏదో యూనివర్సిటీ వాళ్ల సిలబస్ ఫోన్‌లో చూపించింది. నాలుగేళ్ల డిగ్రీ అట. నాకు తలా తోకా అర్థం కాలేదు.

అసలు చిక్కు ఏంటంటే మా పిల్లకు పాడటం రాదు. తండ్రిని కాబట్టి తగ్గించి చెప్తున్నాను. బతుకమ్మ దగ్గర కూడా చప్పట్లు కొడుతుందే తప్ప గొంతు కలపదు. కానీ వినడం మాత్రం వేరే రకం. ఒకే కీర్తన ఐదుగురు పాడింది పెట్టుకుని, ఎవరు పల్లవి ఎన్నిసార్లు తిప్పారు, ఎవరు ఏ చరణం వదిలేశారు అని నోట్‌బుక్‌లో గళ్లు గీసి రాసుకుంటుంది. రాత్రి పదకొండైనా ఇయర్‌ఫోన్స్ తియ్యదు. వాళ్లమ్మకు టెన్షన్, చెవులు పోతాయని.

మా నాయన ఊర్లో బాగోతం ఆడేవాడు, హార్మోనియం వాయించేవాడు. ఆయన రాసుకున్న నోట్‌బుక్కులు నాలుగైదు సందూకలో ఉన్నాయి. ఈ పిచ్చి అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం.

హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి కూడా వెళ్లొచ్చాం. రిజిస్ట్రేషన్ అని పదిహేను వేలు కట్టించుకున్నారు. మూడో రోజు ఫోన్ చేసి "మ్యూజిక్ అంటే వీసా ఆఫీసర్ నవ్వుతాడు అంకుల్, బిజినెస్ అనలిటిక్స్ పెడదాం" అన్నారు. డబ్బులు తిరిగి అడిగితే ఫైలు ప్రాసెస్‌లో ఉందంటున్నారు. ఏ ఫైలో వాళ్లకే తెలియాలి.

పాడటం రాకుండా సంగీతం చదవొచ్చా? చదివితే ఏం చేస్తారు? ఇక్కడ మన దగ్గర అట్లాంటిది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. పిల్ల మనసు విరవాలని లేదు, అట్లని పొలం అమ్మే ధైర్యమూ లేదు.

సాగర్ రోడ్డు:

అన్నా, మనసులో మాట చెప్తున్నా, తిట్టుకోకు. డిగ్రీ అడ్మిషన్ల వెబ్‌సైట్ దోస్త్‌లో బీకామ్ కంప్యూటర్స్ పెట్టించు. పాటలు ఎక్కడికీ పోవు, సాయంత్రం వినొచ్చు. మా బావమరిది ఫైన్ ఆర్ట్స్ అని పోయి ఇప్పుడు ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాడు. ఎలక్షన్లు వస్తే మాత్రం మాకన్నా ఎక్కువే సంపాదిస్తాడు, అది వేరే విషయం.

ఖిల్లా కింది ఇల్లు:

అన్నా, మాది దేవరకొండ. ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మానాన్నలతో అమెరికా వచ్చాను. మీ అమ్మాయి చూపించిన డిగ్రీయే నేను చేశాను, పేరు కూడా అదే. ఇప్పుడు ఒక లైబ్రరీలో పాత రికార్డులకు కేటలాగు రాసే పని. ఇక్కడ రాత్రి రెండైంది, మీ పోస్టు చూశాక నిద్ర రాలేదు.

ముందు ఆ పేరు సంగతి. లిటరేచర్ అనగానే మనకు కవిత్వం గుర్తొస్తుంది. పైగా మన సంగీతంలో సాహిత్యం అంటే కీర్తనలోని మాటలు. నేనూ పాటల్లో కవిత్వం చదవాలేమో అని మొదటి వారం సంబరపడ్డాను. కాదు. అక్కడ ఆ మాటకు అర్థం రచనలన్నీ కలిపి అని. పియానో లిటరేచర్ అంటే పియానో కోసం రాసినవన్నీ. వాటిలో ఒక్క మాట కూడా ఉండకపోవచ్చు. ఇక హిస్టరీ అంటే ఆ రచనలు ఎప్పుడు, ఎవరి డబ్బుతో, ఏ చర్చి కోసం, ఏ రాజు కొలువు కోసం పుట్టాయన్నది. చర్చిలో అందరూ ఒకే వరుసలో పాడిన గ్రెగోరియన్ చాంట్‌తో మొదలవుతుంది. 11వ శతాబ్దంలో గీదో అనే సన్యాసి ఒక స్తోత్రంలో ఒక్కో పాదం మొదటి అక్షరం తీసుకుని 'ఉత్ రె మి' అని స్వరాలు నేర్పాడు, దాన్ని చూడగానే సరిగమ గుర్తొచ్చి నవ్వొచ్చింది నాకు. అక్కడి నుంచి 1607 నాటి మోంతెవెర్ది ఓపెరా, బాఖ్, బీథోవెన్, చివరికి 1913లో పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ బాలే మొదటి ప్రదర్శనకు జనం చేసిన గోల దాకా.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం వేరే ముచ్చట. బాఖ్ 1750లో పోయాడు. ఏసు మరణయాతన మీద ఆయన రాసిన పెద్ద రచన ఒకటి ఆ తర్వాత దాదాపు మరుగున పడింది. 1829లో బెర్లిన్‌లో దాన్ని మళ్లీ జనం ముందు పాడించినవాడు మెండెల్సన్, అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. దాని నకలు ఆ పిల్లాడి చేతికి ఇచ్చింది ఎవరనుకున్నారు? వాళ్ల అమ్మమ్మ. మీ సందూక సంగతి చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

ఇప్పుడు కష్టం చెప్తాను. లిజనింగ్ పరీక్ష అని ఒకటుంది, పాత విద్యార్థులు 'నీడిల్ డ్రాప్' అంటారు, గ్రామఫోన్ ముల్లు ఎక్కడో మధ్యలో దించినట్టు. అర నిమిషం వినిపిస్తారు. ఎవరిది, ఏ రచన, ఎందులో ఏ భాగం, సుమారు ఏ ఏడు, ఎందుకలా అనుకున్నావు, అన్నీ రాయాలి. మొదటిసారి నేను మోట్సార్ట్‌ను హైడన్ అని రాసి పదికి నాలుగు తెచ్చుకున్నాను. అన్నా, మీరు మోటారు ఆన్ చేసి చప్పుడు వినగానే బేరింగ్ పోయిందా, వైండింగ్ కాలిందా చెప్పేస్తారు కదా? అచ్చం అదే పని. మీ అమ్మాయికి ఆ చెవి ఉన్నట్టే ఉంది.

కానీ వినడం ఒక్కటే సరిపోదు. నాలుగు గొంతులకు స్వరాలు పేర్చే లెక్క ఉంటుంది. రెండు గొంతులు పంచమం దూరంలో, అంటే 'స' నుంచి 'ప' ఉన్నంత దూరంలో ఉండి, ఆ దూరం మారకుండా రెండూ ఒకే వైపు కదిలితే తప్పు. నా మొదటి కాగితం మీద పదకొండు ఎర్ర సున్నాలు పడ్డాయి. స్వరలిపి చూసి అప్పటికప్పుడు పాడి చూపించాలి కూడా. గొంతు బాగుండక్కర్లేదు, శ్రుతి తప్పకూడదు. చాలా చోట్ల చేరేముందే ఒక వాద్యం మీదో గాత్రంలోనో ఆడిషన్ పెడతారు. కొంచెం పియానో రావాలి. జర్మన్ లాంటి ఒక భాష చదవమంటారు. పాడటం రాదని భయపడకండి, కానీ ఏ వాద్యమూ ముట్టుకోకుండా మాత్రం కుదరదు.

డబ్బు సంగతి దాచను. స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం రావాలంటే కనీసం మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపించాలి. చదువయ్యాక పని చేసుకోవడానికి 12 నెలలు ఇస్తారు. కంప్యూటర్లు చదివినవాళ్లకు దొరికే అదనపు 24 నెలలు సంగీత చరిత్రకు లేవు. మా అమ్మానాన్న ఇక్కడే ఉన్నారు కాబట్టి నాకు సాగింది. డిగ్రీ కోసం పొలం అమ్మొద్దన్నా. ఇక్కడికి రావాలనుంటే పీజీకి స్కాలర్‌షిప్ చూసుకుని రావొచ్చు, అప్పటికి ఆమెకు ఏం కావాలో ఇంకా బాగా తెలుస్తుంది. ఆ పదిహేను వేలు మాత్రం మర్చిపోకండి, రసీదు పట్టుకుని వెళ్లి కూర్చోండి.

పిల్లలమర్రి నీడ:

నేను మహబూబ్‌నగర్‌లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. పై అమ్మాయి చక్కగా రాసింది. అయితే ఆమె చెప్పినదంతా పడమటి సంగీతం చరిత్ర. హాలియా పిల్ల వింటున్నది కీర్తనలు. ఆ చరిత్ర చదవడానికి జర్మన్ అక్కర్లేదమ్మా, తెలుగు చాలు.

గొప్పకు అంటున్న మాట కాదిది. సుబ్బరామ దీక్షితులు కూర్చిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో అచ్చయింది. అచ్చయినది తెలుగు లిపిలో. ముత్తుస్వామి దీక్షితుల కృతులు స్వరాలతో, గమకాలకు విడివిడి గుర్తులతో అందులో ఉన్నాయి. వాగ్గేయకారుల చరిత్రలూ ఉన్నాయి. కర్ణాటక సంగీత చరిత్ర మీద పనిచేసేవాళ్లు ఎవరైనా ఆ పుస్తకం దగ్గరికి రాక తప్పదు. తమిళుల కోసం మద్రాసు మ్యూజిక్ అకాడమీ దాన్ని తమిళ లిపిలోకి మార్చి వేయవలసి వచ్చింది. మన పిల్లలకు ఆ బాధ లేదు, తెరిచి చదువుకోవడమే. అయినా తెరిచిన పిల్లలు నా సర్వీసులో ఇద్దరో ముగ్గురో.

ఆమె బీథోవెన్ పేరెత్తింది కాబట్టి ఒక మాట. ఆయన పుట్టింది 1770లో, త్యాగయ్య పుట్టింది 1767లో. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉండదు. కానీ ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు మెట్లు విని వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టాడు, నోట్టుస్వరాలంటారు. వాటిలో ఒకటి ఇంగ్లండు రాజుగారిని దేవుడు కాపాడాలనే పాట మెట్టే! ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను మన కచేరీలోకి తెచ్చినవారిలో మొదటివాడు. రెండు చరిత్రలూ ఒకచోట కలవాలంటే మీ అమ్మాయి అక్కడ మొదలుపెట్టొచ్చు.

మన తెలంగాణ వైపు చూసినా తక్కువేం లేదు. కాకతి గణపతిదేవుడి గజసేనాని జాయప నాట్యం మీద నృత్తరత్నావళి అనే గ్రంథం రాసింది 1253–54 ప్రాంతంలో. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లూ రాగాల పేర్లూ వరసపెట్టి చెప్పాడు. నల్లగొండ పక్కనే పానగల్లు గుళ్లకు వెళ్లి రాతి మీద మద్దెల వాయించేవాళ్లను చూడండి. ఇక మా పాత పాలమూరు జిల్లాకు సంగీతంలో రెండు పద్మశ్రీలు వచ్చాయి: 2022లో పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్యకు, 2024లో దామరగిద్ద బుర్రవీణ కొండప్పకు. బిరుదులిచ్చాం సరే, ఆ కిన్నెరకు మెట్లు ఎలా పేరుస్తారో, బుర్రవీణకు శ్రుతి ఎలా కలుపుతారో కూర్చుని రాసిపెట్టేవాళ్లు కావాలి. పాడటం రానివాళ్లు చేయగలిగిన పని అది.

దారి అడిగారు. హైదరాబాద్‌లో చరిత్ర, తెలుగు ఉన్న బీఏలో చేర్పించండి. పక్కనే రామ్‌కోటిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, 1952 నుంచి నడుస్తోంది. సర్టిఫికెట్ నాలుగేళ్లు, ఆపైన డిప్లొమా రెండేళ్లు. వీణో వయొలినో పట్టమనండి, గాత్రం వద్దు అనుకుంటే. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయంలో, అదే ఇప్పుడు మా సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టినది, సంగీతంలో పీజీ ఉంది. యూజీసీ నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టు. అంటే లెక్చరర్ పనికి దారి మూసుకుపోలేదు. నిజమే, పోస్టులు ఎప్పుడు పడతాయో ఆ దేవుడికే ఎరుక. ఆ మాట గ్రూప్స్‌కు కూడా వర్తిస్తుంది.

సాగర్ రోడ్డు:

సార్, ఆ చివరి మాట నన్ను ఉద్దేశించి కాదు కదా. హాలియా అన్నా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా, సగం. బీకామ్ బదులు బీఏ అయినా డిగ్రీ డిగ్రీయే. కన్సల్టెన్సీకి పోయే రోజు నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం పోదాం.

హాలియా వైండింగ్:

అందరికీ దండాలు. దేవరకొండ చెల్లె రాసింది మా బిడ్డ మూడుసార్లు చదివింది. మోటారు ముచ్చట చదివి నా వైపు చూసి నవ్వింది, షాపులో నేను చెయ్యి పెట్టకముందే రోగం చెప్తానని ఆమెకు తెలుసు. మాస్టారు గారు, బీఏ, వయొలిన్ అంటే ఆమె ఇంకా ఔననలేదు, కాదనలేదు. వాళ్లమ్మ మాత్రం అప్పుడే లేడీస్ హాస్టల్ ఫీజులు కనుక్కుంటోంది.

నిన్న ఆదివారం సందూక తెరిచాం. ఒక నోట్‌బుక్ అంచులు చెదలు తిన్నాయి, మిగిలినవి బాగానే ఉన్నాయి. ప్రతి దరువు, అంటే బాగోతం పాట, పైన మా నాయన చేతిరాతతో రాగం, తాళం ఉన్నాయి: ముఖారి, ఆట. మోహన, జంపె. ఇట్లా. కొన్నిటికి రాగం లేదు, "ఫలానా పాట వరుస" అని ఉంది, ఆ పాట ఏదో మాకు తెలియదు. ఒకచోట మాత్రం రాగం కొట్టేసి, పక్కన ఎర్ర పెన్సిల్‌తో "ఇది పానగల్లు వాండ్ల వరుస, మనది కాదు" అని రాసి ఉంది. పిల్ల ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది. ఒక్క దరువుకు రెండు ఊర్లలో రెండు వరుసలు ఉండేవా మాస్టారు?

పిల్లలమర్రి నీడ:

ఉండేవి. ముందు ఆ నోట్‌బుక్కులన్నీ ఎండ నేరుగా తగలని చోట ఆరబెట్టండి, ప్రతి పేజీ ఫొటో తీయించండి, కొట్టేసినవి కూడా. ఆ దరువు పాడిన ముసలివాళ్లు రెండు ఊర్లలోనూ ఇంకా ఎవరున్నారో కనుక్కోండి. వచ్చే వారం నల్లగొండలో నాకొక పెళ్లి ఉంది. హాలియా దాకా వస్తాను.