సక్‌డ్రిసి పాత బంగారు గని గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. నేను జార్జియాలో, త్బిలిసిలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. బోల్నిసి వైపు కజ్రెతి అనే గనుల ఊరు ఉంది, దాని దగ్గరే సక్‌డ్రిసి అనే గుట్ట. జర్మన్, జార్జియన్ పురాతత్వవేత్తలు 2004 నుంచి అక్కడ తవ్వి, ఇది 5000 ఏళ్లకు పైబడిన బంగారు గని, ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన వాటిలో అతి పాతది కావచ్చని చెప్పారు. అప్పట్లో నిప్పు పెట్టి రాయి పగుళ్లు వచ్చేలా చేసి, తర్వాత రాతి సుత్తులతో కొట్టేవాళ్లట. అలాంటి సుత్తి ఫోటో ఒకటి చూశాను, మామూలు నది రాయే, కానీ ఒక చివర కొట్టి కొట్టి చిట్లిపోయి ఉంది, అది చూశాక మనసు అక్కడే ఉండిపోయింది.

అంత వయసు ఉందనడానికి ఆధారాలు చాలవని, ఆ గుట్టలో బంగారం తవ్వాలనుకున్న గనుల కంపెనీ వైపు వాళ్లు వాదించారు. 2006లో గుట్టకు ఇచ్చిన రక్షణ హోదాను 2013లో ప్రభుత్వం తీసేసింది, నిరసనలు, కోర్టు కేసులు నడుస్తుండగానే 2014 డిసెంబర్‌లో కంపెనీ వాళ్లు గుట్టను పేల్చేశారు. నాకైతే అది క్షమించలేని పని అనిపిస్తుంది, అలాగని గని జీతం మీద బతికే కజ్రెతి కుటుంబాల మాట వినకుండా తీర్పు చెప్పడం కూడా సరికాదు.

మీలో ఎవరైనా అక్కడికి వెళ్లారా? గుట్టలో ఏమైనా మిగిలిందా, బయటివాళ్లను దగ్గరికి రానిస్తారా? ఆ సుత్తులు ఏ మ్యూజియంలో చూడొచ్చు? ఊరివాళ్లతో మాట్లాడాలని ఉంది, నా జార్జియన్ అంతంతమాత్రమే, అక్కడ రష్యన్ నడుస్తుందా? వచ్చే నెల సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాను, దయచేసి చెప్పండి.