వరద సాయానికి చర్చిలన్నీ కలిసి ఒకే నిధి పెట్టుకోవడం ఎలా?

అందరికీ వందనాలు. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చుట్టుపక్కల చర్చిలన్నీ సాయం చేశాయి, కానీ ఎవరికి వారే. మెయిన్ రోడ్డు మీది ఇళ్లకు పులిహోర పొట్లాలు మళ్లీ మళ్లీ అందాయి. లోపలి సందుల్లో నడుం లోతు నీళ్లలో ఉన్నవాళ్లకు మంచినీళ్లు కూడా దొరకలేదు. నీళ్లు తీశాక అసలు కావలసింది స్టవ్వులు, పరుపులు, పిల్లల పుస్తకాలు. అప్పటికి కానుకల డబ్బు అయిపోయింది.

అందుకే సీఎస్ఐ, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు కొన్ని కలిసి ఉమ్మడి నిధి పెట్టాలనుకుంటున్నాం. దేశ విభజన శరణార్థుల కోసం 1947లో మొదలైన కాసా అనే సహాయ సంస్థ కూడా పలు సంఘాలు కలిసి నడుపుతున్నదే. సాయం మాత్రం మతం చూడకుండా ఇవ్వాలి, అందులో రెండో మాట లేదు.

నా టెన్షనంతా లెక్కల గురించే. ట్రస్టు మంచిదా, సొసైటీ మంచిదా? 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు రాదు కదా, మరి ఆదివారం కానుకల సంచిలో పడే నోట్లకు రసీదులు ఎలా రాస్తున్నారు? గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు పంపే డబ్బుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అడ్డొస్తుందా?

గుంటూరు, విజయవాడల్లో ఇలాంటి నిధి నడిపినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి. వానాకాలం లోపే ఖాతా తెరవాలి.