ఎండకు వాలిపోతున్న వాన్‌డైక్ మీసం
ఒంగోలులో ఉంటాను. ఏడు వారాలుగా వాన్‌డైక్ గడ్డం పెంచుతున్నాను: బుగ్గలు నున్నగా గీసి, మీసానికీ గడ్డానికీ మధ్య ఖాళీ వదిలి, చుబుకం కింద మొన తేల్చడం. ఫ్లెమిష్ చిత్రకారుడు ఆంథొనీ వాన్ డైక్ (1599–1641) పేరే దీనికి వచ్చింది. ఆయన చిత్రించిన ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌దీ ఇదే గడ్డం.

గడ్డంతో పేచీ లేదు. చిక్కంతా మీసంతోనే. ఉదయం ఏడింటికి కొనలు పైకి మెలితిప్పితే, పదకొండుకల్లా తడిసిన పిల్లి మీసాల్లా వాలిపోతున్నాయి. ఒట్టి ఆముదం రాస్తే పెదవి మీదికి జిడ్డు కారింది. తేనెమైనం, కొబ్బరినూనె సమపాళ్లలో కరిగించి పోస్తే ఎండకు డబ్బాలోనే వెన్నలా మెత్తబడింది. మైనం మూడు పాళ్లకు పెంచాను. వెంట్రుకలకు అంటక పలుకులుగా రాలింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక తప్పు దానిదేనేమో.

మన వేసవికి నిలవాలంటే తేనెమైనంలో ఏ నూనె, ఏ పాళ్లలో కలపాలి?