పార్కులో కాఫీ అమ్మాలంటే పర్మిషన్ ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ. మోపెడ్ వెనక స్టీలు క్యాను కట్టుకుని ఆరు నెలలుగా ఫిల్టర్ కాఫీ అమ్ముతున్నాను. అరకు గింజలే, చికోరీ కలపను. పొద్దున్నే పార్కుకి వాకింగ్‌కి వచ్చేవాళ్లే నా గిరాకీ. గేటు బయట నిలబడితే ట్రాఫిక్‌కి అడ్డం అంటారు, లోపలికెళితే పర్మిషన్ ఏదీ అంటారు. రోజూ ఇదే టెన్షన్.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంది. అది తిండి శుభ్రతకే గానీ బండి పెట్టుకునే చోటుకి కాదని ఆలస్యంగా తెలిసింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చదివితే, పబ్లిక్ పార్కులో అమ్మేవాళ్లూ, తిరుగుతూ అమ్మేవాళ్లూ అందులోకే వస్తారని ఉంది. అమ్ముకోవడానికి ఇచ్చే సర్టిఫికెట్ టౌన్ వెండింగ్ కమిటీ (ఊళ్లో వీధి వ్యాపారుల సంగతి చూసే కమిటీ) ద్వారా రావాలి. మున్సిపల్ ఆఫీసులో అడిగితే, వీధి వ్యాపారుల్ని గుర్తించే సర్వే అయిపోయింది, మళ్లీ జరిగినప్పుడు చూద్దాం అన్నారు. చట్టంలో ఐదేళ్లకోసారైనా సర్వే చేయాలని ఉంది. అన్నాళ్లు ఆగితే నా మోపెడ్ తుప్పు పడుతుంది!

సర్వే అయ్యాక వ్యాపారం మొదలుపెట్టి, మధ్యలోనే సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? పార్కు లోపలికి అది ఒక్కటే సరిపోతుందా, లేక అక్కడ వేరే అనుమతో, వేలంపాటో ఉంటుందా? కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి కదా, మా ఊళ్లో వాళ్లెవరో తెలియాలంటే ఆర్టీఐ వేయాల్సిందేనా? మీరు పెట్టుకున్న అర్జీ కాపీ ఉంటే, పేరూ ఫోన్ నంబరూ చెరిపేసి పెట్టండి.